కళాకారుల కుటుంబం సముద్రం పక్క ఊరికి మారాలంటే: గంజాం తీరంలో ఊరు ఎంచుకునే పద్ధతి

డిసెంబరు వచ్చిందంటే మా ఇంటికి చుట్టాలో స్నేహితులో ఎవరో ఒకరు వస్తారు. ఒడిశా గంజాం జిల్లాలోని గోపాల్‌పూర్ బీచ్‌లో రెండు రోజులు తిరిగి, మూడో రోజు మా వసారాలో కాఫీ తాగుతూ, "మేం కూడా ఇక్కడికి వచ్చేస్తే ఎలా ఉంటుందంటావ్?" అని అడుగుతారు. ఒకరు బొమ్మలు వేస్తారు, ఒకరు పాటలకు ట్రాక్‌లు చేస్తారు, ఒక జంట బట్టలకు సహజ రంగులు అద్దుతారు. పని ఇంటి నుంచే. నగరంలో అద్దెలు భరించలేకపోతున్నారు. పిల్లలకు కాస్త గాలీ వెలుతురూ ఉంటే బాగుండునని ఉంది.

మేమూ అలా వచ్చినవాళ్లమే. నేను పిల్లల పుస్తకాలకు నీటిరంగులతో బొమ్మలు వేస్తాను. మా ఆయన వీణ నేర్పుతారు, సగం మంది శిష్యులు ఇంటికొస్తారు, సగం మందికి వీడియో కాల్‌లోనే పాఠం. 2018 జనవరిలో హైదరాబాద్ నుంచి వచ్చి గోపాల్‌పూర్‌లో, కిటికీలోంచి సముద్రం కనిపించే ఇంట్లో దిగాం. ఏడాది తిరిగేసరికి నాలుగు కిలోమీటర్లు లోపలికి, బరంపురం రోడ్డు వైపు మారిపోయాం. సముద్రం మీద ఇష్టం ఇప్పటికీ అలాగే ఉంది, ఆ ఇంట్లో మాత్రం మా పని సాగలేదు. అందుకే అడిగిన వాళ్లందరికీ ఒకటే చెబుతున్నాను. ఊరు వెతికేటప్పుడు సముద్రాన్ని ఆఖరున చూడండి, ముందు మీ పనిని చూడండి. ఆ చూడటం ఏ వరసలో చేయాలో కింద రాస్తున్నాను.

1. పటం తెరవకముందు, ఎవరి పనికి ఏది పడదో రాయండి

ఇంట్లో అందరూ కూర్చోండి, పిల్లలతో సహా. ఒక్కొక్కరి పనికి ఏం కావాలో రాయడం తేలికే. ఏది పడదో కూడా రాయాలి. సముద్రం నుంచి మన పనికి మూడు ఇబ్బందులు వస్తాయి: చప్పుడు, తేమ, ఉప్పు.

చప్పుడు సంగతి మాకు మొదటి వారంలోనే తెలిసింది. అలల హోరు వింటూ పడుకోవడం ఎంతో హాయి. అదే హోరులో వీణ రికార్డు చేయడం నరకం. ఫ్యాను, ఫ్రిజ్ లాంటి వాటి చప్పుడు ఒకే స్థాయిలో ఉంటుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌లో కొంతవరకు తీసేయొచ్చు. అల విరిగే చప్పుడులో మంద్రం నుంచి తారం దాకా అన్నీ కలిసిపోయి ఉంటాయి, పైగా అది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. దాన్ని తీయబోతే గమకం చివర సన్నగా మిగిలే నాదం కూడా దాంతోపాటే పోతుంది. మా ఆయన కిటికీలకు బొంతలు కట్టి, అర్ధరాత్రి దాటాక రికార్డు చేసి చూశారు. రాత్రిపూట ఊరు సద్దుమణిగాక హోరు ఇంకా బాగా వినిపించింది. మీ ఇంట్లో పాట, వాయిద్యం, డబ్బింగ్, ఆడియో పుస్తకాల పని చేసేవాళ్లుంటే సముద్రం కనిపించే ఇల్లు మీ జాబితాలోంచి అప్పుడే కొట్టేయండి.

తేమ నా పనిని పట్టింది. ఆగస్టులో పొద్దున తొమ్మిదికి వేసిన ఆకాశం భోజనాల వేళకు కూడా చెమ్మగానే ఉండేది. రంగు మీద రంగు వేయాలంటే కింది పొర ఆరాలి. ఆరకపోతే నీలం, పసుపు కలిసిపోయి బురదలా తయారవుతుంది. మంచి రకం నీటిరంగుల కాగితాల్లో చాలావాటికి జెలటిన్ పూత ఉంటుంది, తడి వాతావరణంలో బూజుకు అదే తిండి. ఒక కట్ట మొత్తం గోధుమరంగు మచ్చలు పడి పాడైంది. కెమెరా ఉన్నవాళ్లు లెన్సును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూస్తే, అద్దం లోపలి అంచున సాలెగూడు పోగుల్లాంటివి కనబడతాయి. అది బూజే, ఒకసారి పట్టిందంటే అద్దం మీది పూతను తినేస్తుంది. లెన్సులకు గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే డ్రై క్యాబినెట్ కొనుక్కోవాలి, ఆ ఖర్చు ఇప్పుడే లెక్కలో వేసుకోండి. వీణకు మెట్లు మైనంలో కూర్చోబెడతారు. మే నెల ఎండకు, ఉక్కపోతకు ఆ మైనం మెత్తబడి మెట్టు కదిలితే స్వరం తప్పుతుంది. మళ్లీ మేళం కట్టేవాళ్ల కోసం, అంటే మెట్లు తిరిగి సరిగ్గా కూర్చోబెట్టేవాళ్ల కోసం, మేం బొబ్బిలి దాకా వెళ్లాలి. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి అక్కడికి దగ్గర్లోనే ఉంది. బరంపురం నుంచి వెళ్లి రావడానికి ఒక పూర్తి రోజు పడుతుంది. మీ పనిముట్టు ఏదైనా సరే, దాన్ని బాగుచేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడో కూడా జాబితాలో రాసుకోండి. కుట్టుమిషను, ప్రింటరు, మృదంగం, మగ్గం, అన్నిటికీ ఇది వర్తిస్తుంది.

ఉప్పు ఇనుమును తింటుందని అందరికీ తెలుసు. దూరం విషయమే చాలామందికి తెలియదు. అలల మీంచి లేచే ఉప్పు తుంపర మొదటి కొన్ని వందల మీటర్లలోనే ఎక్కువగా పడిపోతుంది. ఒక కిలోమీటరు లోపలికి వస్తే చాలా తేడా, మధ్యలో సరుగుడు తోట ఉంటే ఇంకా తేడా. అందుకే ఇల్లు చూసేటప్పుడు సముద్రానికీ ఇంటికీ మధ్య ఏముందో చూడాలి.

ఈ కాగితం తయారైతే మీ ఇంటికి సముద్రం ఎంత దూరంలో ఉండాలో అదే చెబుతుంది. రాసుకునేవాళ్లు, ఆక్రిలిక్ రంగులు వాడేవాళ్లు, మట్టిపని చేసేవాళ్లు దగ్గరగా ఉన్నా నెట్టుకురాగలరు. కాగితం, తీగలు, లెన్సులు, మిషన్లు మీద బతికేవాళ్లు మూడు నాలుగు కిలోమీటర్లు లోపల ఉండి, సాయంత్రం సైకిల్ మీద బీచ్‌కి వెళ్లడమే మంచిది.

2. ఇప్పుడు పటం తీయండి

మనవాళ్లకు ఈ తీరం పరాయిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. రాష్ట్రపతిగా చేసిన వి.వి.గిరి పుట్టింది బరంపురంలోనే. ఇప్పటికీ బరంపురం బజారులో తెలుగులో బేరమాడొచ్చు, తీరం వెంబడి బెస్త పల్లెల్లో ఇంటి భాష తెలుగే. ఒడియా వాళ్లు వాళ్లను నోళియాలు అంటారు. పూరీలో సైతం వాళ్ల పేట పేరు పెంటకోట. కాబట్టి ఎక్కడ దిగినా పలకరించే మనిషి దొరుకుతాడు. తక్కిన విషయాల్లో ఒక్కో ఊరు ఒక్కోలా ఉంటుంది.

గోపాల్‌పూర్ గురించే అందరూ అడుగుతారు కాబట్టి కాస్త ఎక్కువ చెబుతాను. బరంపురానికి సుమారు 16 కిలోమీటర్లు. ఒకప్పుడు రంగూన్‌కి ఓడలు వెళ్లిన రేవు, అందుకే తీరం పక్కన పాత గోడలు, కూలిన గోదాములు, లైట్‌హౌస్ కనిపిస్తాయి. బొమ్మలు వేసేవాళ్లకు ఆ గోడల మీద సాయంత్రం ఎండ ఒక్కటి చాలు, నెలల తరబడి వేసుకోవచ్చు. ఊరు చిన్నది, నడిచి తిరగొచ్చు. రైలు స్టేషన్ లేదు, బరంపురం వెళ్లాల్సిందే. డిసెంబరు ఆఖర్లో, జనవరి మొదట్లో పర్యాటకుల రద్దీ విపరీతం. సముద్రం మాత్రం స్నానానికి మంచిది కాదు. ఒడ్డు ఏటవాలుగా దిగిపోతుంది, కింద లాగే ప్రవాహం బలంగా ఉంటుంది. చిన్నపిల్లలు ఉన్నవాళ్లు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

మా సలహా అడిగితే గోపాల్‌పూర్‌కీ బరంపురానికీ మధ్య రోడ్డు. ఇటు బరంపురం విశ్వవిద్యాలయం ఉన్న భంజబిహార్, అటు బీచ్. బరంపురంలో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, హౌరా-చెన్నై మెయిన్ లైను మీద స్టేషన్ ఉంది. బొమ్మలు కొరియర్ చేయాలన్నా, ప్రోగ్రాంకి ఊరెళ్లాలన్నా సులువు. మేం ఉన్నది అక్కడే కాబట్టి పక్షపాతం ఉందనుకున్నా పర్వాలేదు.

ఛత్రపురం జిల్లా కేంద్రం, రైలు కూడా ఆగుతుంది. పక్కనే తంపరా చెరువు, ఆర్యపల్లి తీరం ఉన్నాయి. ఉద్యోగుల ఊరు కాబట్టి ప్రశాంతంగా ఉంటుంది, అద్దె ఇళ్లు పద్ధతిగా కట్టి ఉంటాయి. ఇద్దరిలో ఒకరికి ఆఫీసు ఉద్యోగం ఉన్న కుటుంబాలకు ఇది బాగా కుదురుతుంది. తీరం వైపు వెళ్తుంటే దారి పొడుగునా మొగలి పొదలు. వానాకాలంలో పువ్వు కోసే రోజుల్లో ఆ దారంతా మొగలి వాసనే. గంజాం మొగలికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

గంజాం పాతఊరు, రుషికుల్య నది సముద్రంలో కలిసే చోటు. దాదాపు ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేలకు వేలు వచ్చి ఇసుకలో గుడ్లు పెడతాయి, సుమారు 45 నుంచి 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. ఆ రాత్రుల్లో వెలుతురు చూస్తే పిల్లలు దారి తప్పి ఊరి వైపు పాకుతాయి, అందుకని లైట్లు ఆర్పేస్తారు. మా పిల్లలకు అంతకు మించిన బడి లేదు. చూడటానికి వెళ్లండి, ఉండటానికి ఆలోచించండి. ఆ పక్కనే ఉన్న పొదంపేట సముద్రపు కోతకు గురై జనం లోపలికి తరలాల్సి వచ్చింది.

రంభ దగ్గర ఉన్నది సముద్రం కాదు, చిలకా సరస్సు దక్షిణపు కొస. అలల హోరు లేదు, నీళ్ల అందం ఉంది, శీతాకాలంలో వలస పక్షులు ఉంటాయి. రికార్డింగ్ పని ఉన్నవాళ్లు సముద్ర తీరమే కావాలన్న పట్టుదల వదులుకోగలిగితే రంభ చూడండి. పెద్ద ఆసుపత్రి, సరుకుల కోసం బరంపురం పరుగెత్తాలి, అదొక్కటే లోటు.

సరిహద్దుకు ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం, సోంపేట-బారువ. బడి, ఆఫీసులు అన్నీ తెలుగులో ఉండటం పెద్ద సుఖం. కొబ్బరి, జీడి తోటల ఉద్దానం అందం చెప్పనక్కర్లేదు. అక్కడి కిడ్నీ జబ్బుల సంగతి కూడా చెప్పాలి, దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. నీటి గురించి కింద రాసింది అక్కడైతే రెండింతలు శ్రద్ధగా చేయండి.

పూరీ గురించి క్లుప్తంగా. పటచిత్రాల రఘురాజ్‌పూర్ పక్కనే ఉంది, రంగు గుడ్డ ముక్కలు అతికి కుట్టే అప్లిక్ పనుల పిపిలీ ఉంది, కోణార్క్ ఉంది. నేర్చుకోవడానికి పూరీని మించింది లేదు. ఏడాది పొడుగునా యాత్రికుల రద్దీలో కాపురం పెట్టి పనిచేసుకోవడం వేరే సంగతి. మేం ఏడాదికోసారి వెళ్లి వారం ఉండి వస్తాం.

3. మూడుసార్లు వెళ్లండి, డిసెంబరు లెక్కలోకి తీసుకోకండి

డిసెంబరులో ఈ తీరం ఎవరినైనా పడేస్తుంది. ఒకసారి మే నెలలో, ఒకసారి ఆగస్టులో, ఒకసారి అక్టోబరులో వెళ్లండి. ప్రతిసారీ కనీసం నాలుగు రోజులు ఉండండి. లాడ్జిలో వద్దు, అద్దె గదిలో దిగి మీ పని మీరు చేసుకోండి.

వెళ్లేటప్పుడు కొన్ని చిన్న పరీక్షలకు సరంజామా పట్టుకెళ్లండి. కొత్త ఇనుప మేకులు రెండు పొట్లాలు కట్టి, ఒకటి సముద్రం వైపు కిటికీ మీద, ఒకటి లోపలి గదిలో విప్పి పెట్టండి. నాలుగు రోజుల తర్వాత రెండింటినీ తెల్లకాగితం మీద పోసి పోల్చి చూడండి. మా మొదటి ఇంట్లో కిటికీ మేకులు కాగితం మీద కాషాయపు గీతలు పెట్టాయి, కానీ మేం ఆ పరీక్ష చేసింది ఇంట్లో చేరిపోయాక. నీటిరంగుల వాళ్లు అరచేయంత కాగితం మీద ఒక పూత వేసి, ఎంతసేపట్లో ఆరిందో గడియారం పెట్టి చూడాలి. రికార్డింగ్ వాళ్లు తెల్లవారుజామున, మధ్యాహ్నం, రాత్రి పదికి రెండేసి నిమిషాలు ఫోన్లో ఉత్త గది చప్పుడు రికార్డు చేసి, ఇంటికొచ్చాక హెడ్‌ఫోన్స్‌లో వినండి. వీడియో పాఠాలు చెప్పేవాళ్లు అక్కడి నుంచి ఒక నిజమైన క్లాసు చెప్పి చూడండి, కరెంటు ఎన్నిసార్లు పోయిందో రాసుకోండి.

4. అక్టోబరులో అడగాల్సిన ప్రశ్న

పైలీన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబరు 12న. హుద్‌హుద్ విశాఖను కొట్టింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది 2018 అక్టోబరు 11న. తేదీలు చూశారుగా. దసరా సంబరాలు ఎలాగో ఇక్కడ తుపాను టెన్షన్ కూడా అలాగే, ఆ నెలకు రాసిపెట్టి ఉంది. ఫొని లాగా మే నెలలో వచ్చేవీ ఉన్నాయి.

ఇల్లు చూపించే బ్రోకర్‌ని "ఇక్కడికి నీళ్లొస్తాయా?" అని అడక్కండి. మాకు మొదట చూపించిన ఇంటి గురించి ఒక బ్రోకర్ "చుక్క నీరు రాదండి" అని గట్టిగా చెప్పాడు. అరుగు పక్కన ఇసుకలో చేపలు ఆరబెడుతున్న ఒక ముసలామె మా మాటలు విని లేచి వచ్చింది.

"ఏటమ్మా, ఈ ఇల్లు తీసుకుంతారా?"

"చూస్తున్నామమ్మా, ఎలా ఉంటుంది?"

"ఇలాగ్రా."

చేయి పట్టుకుని ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. గోడకు మోకాలి ఎత్తున ఒక గీత. గీతకు పైన పెయింటు నున్నగా ఉంది. కింద పొక్కులు లేచి, గోటితో గీకితే పొరలుగా ఊడి, లోపల తెల్లగా ఉప్పు పూసి ఉంది. "పెద్ద తుపానప్పుడు సంద్రం ఇక్కడికొచ్చీసింది. మీకు పిల్లలున్నారు, ఆ మెరక మీదికెల్లండి" అంది. అలా మెరక మీది ఇల్లు తీసుకున్నాం. అక్టోబరులో తిత్లీ వచ్చిన తెల్లవారుజామున సముద్రం మా మెట్ల దాకా రాలేదు. అప్పుడు ఆమె గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

కాబట్టి అడగాల్సింది ఆ వీధిలో పదేళ్లకు పైగా ఉన్నవాళ్లని. పైలీన్‌కి నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయి, మీరు ఎక్కడ తలదాచుకున్నారు, కరెంటు ఎన్నాళ్లకు వచ్చింది? ఈ మూడు ప్రశ్నలు చాలు. గోడల కింది భాగం మీరే చూడండి. 1999 నాటి మహా తుపాను తర్వాత ఒడిశా తీరమంతా తుపాను షెల్టర్లు కట్టారు. మీ ఇంటికి దగ్గర్లో ఉన్నది ఏదో నడిచి వెళ్లి చూసి రండి, కారులో వద్దు.

ఇల్లు గట్టిగా నిలబడినా మన పని తడిసిపోవచ్చు. ఆ రోజు గాలి వానను అడ్డంగా కొట్టింది. మూసిన కిటికీ చెక్కల సందుల్లోంచి నీళ్లు చిమ్మాయి. కిటికీ కింద అట్ట ఫైల్లో ఉన్న పన్నెండు బొమ్మలు, ఒక పుస్తకానికి సరిపడా పని, ఉదయానికి ఒకే నీలం ముద్ద అయ్యాయి. వాటిని స్కాన్ చేయలేదు. అప్పటి నుంచి పాటిస్తున్నది ఇదీ: బొమ్మ పూర్తయిన రోజే స్కాన్. అసలు బొమ్మలు పాలిథిన్ కవర్లో పెట్టి రేకు ట్రంకు పెట్టెలో, కిటికీ లేని గదిలో, నేలకు రెండడుగుల ఎత్తులో. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే వీణ తీగలు కాస్త వదులు చేసి, గవిసెన తొడిగి అదే గదిలోకి. ఇన్వర్టర్ ఉండాల్సిందే. పైకప్పు సిమెంటు స్లాబు అయి ఉండాలి, రేకుల షెడ్డును స్టూడియోగా పెట్టుకోవద్దు.

5. నీళ్లు తాగి చూడండి, కొలిచి చూడండి

తీరం దగ్గర బావులు, బోర్లు వేసవిలో ఉప్పదనానికి తిరుగుతాయి. అందుకే నీటి పరీక్ష మే నెలలో చేయాలి. ఇంటివాళ్లు ఇచ్చిన టీ తాగితే సగం సంగతి తెలిసిపోతుంది. మిగతా సగానికి, నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే చిన్న టీడీఎస్ మీటరు చాలు. తాగునీటికి భారత ప్రమాణాల ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే మేలు, వేరే దారి లేకపోతే 2000 వరకు ఒప్పుకుంటారు. ఉప్పు ఒక్కటే లెక్కకాదు కాబట్టి ఒక సీసా నీళ్లు ల్యాబ్‌కి కూడా పంపండి.

సహజ రంగులు అద్దేవాళ్లకు నీళ్లే సగం రంగు. నీటిలో ఇనుము ఉంటే పసుపు, ఎరుపు రంగులు మసకబారి బూడిదరంగులోకి దిగిపోతాయి. మీ రంగులు, ఒక గుడ్డ ముక్క పట్టుకెళ్లి ఆ ఇంటి నీళ్లతోనే అద్ది చూడండి. మా స్నేహితుల జంట అలా చూసే ఒక ఇల్లు వద్దనుకున్నారు, వాన నీళ్లు పట్టే తొట్టె ఉన్న ఇంకో ఇల్లు తీసుకున్నారు.

6. భాష, బడి

బజారులో తెలుగు నడుస్తుంది. తహసీల్ ఆఫీసులో, పంచాయతీలో ఒడియా. రావడానికి రెండు నెలల ముందే ఒడియా అక్షరాలు నేర్చుకోండి. బస్సు బోర్డు మనమే చదువుకోగలిగిన రోజు ఊరు మనదైపోతుంది. పిల్లలు ఆటల్లో నేర్చేసుకుంటారు, పెద్దవాళ్లమే కష్టపడాలి. తెలుగు చదవడం, రాయడం మాత్రం ఇంట్లో మీరే రోజూ చెప్పాలి, వాయిదా వేస్తే జారిపోతుంది. సీబీఎస్ఈ బడుల్లో కొత్త క్లాసులు ఏప్రిల్‌లో మొదలవుతాయి. తెలుగు రాష్ట్రాల స్టేట్ సిలబస్ బడుల్లో జూన్‌లో. ఈ రెండు నెలల తేడా మర్చిపోతే పిల్లల చదువులో తికమక వస్తుంది.

7. చేతిపని చేసేవాళ్లను కలవండి

ఊరు ఖాయం చేసుకునే ముందు ఒక రోజంతా దీనికి పెట్టండి. కళాకారుల కుటుంబానికి తోటి పనివాళ్లు లేని ఊరు ఆరు నెలల్లో విసుగొస్తుంది.

బరంపురాన్ని పట్టు నగరం అంటారు. పట్టు నేసే వీధుల్లో దేవాంగుల ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. బరంపురం పట్టు చీర అంచులో మెట్లు మెట్లుగా గుడి గోపురం ఆకారాలు ఉంటాయి, ఫోడా కుంభ అంటారు. మగ్గం పక్కన కూర్చుని ఆ అంచు ఎలా పైకి లేస్తుందో చూస్తే డిజైన్ క్లాసులు అక్కర్లేదు. ముందుగా అడిగి వెళ్లండి, ఫోటోలు తీయడానికి విడిగా అనుమతి అడగండి, చీర కొనకపోయినా వాళ్ల సమయానికి విలువ ఇవ్వండి. బెల్లగుంఠలో ఇత్తడితో చేసే చేప నిజం చేపలా మెలికలు తిరుగుతుంది, పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చేస్తారు. గిడుగు రామమూర్తి గారు పంతులుగా పనిచేసిన ఊరు కూడా పర్లాకిమిడే.

రెండేళ్లకోసారి చైత్రంలో బరంపురంలో ఠాకురాణీ జాతర జరుగుతుంది. దాదాపు నెలరోజుల పండగ. ఊరంతా వేషాలే. పులివేషం వేసేవాళ్లకు ఒంటి మీద చారలు దిద్దుతుంటే మా చిన్నది పక్కనే మూడు గంటలు కదలకుండా కూర్చుంది. ఇంటికొచ్చి తమ్ముడి వీపంతా పసుపు రంగు పూసింది. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం రాత్రంతా ఆడతారు. పాటలు, రాగాలు వింటే వీథి భాగవతం చూసి పెరిగిన మన చెవికి దగ్గరగా అనిపిస్తాయి. మీరు వచ్చే తేదీలు వీటిలో ఒకదానికి కలిసేలా చూసుకోండి.

8. ఏడాది అద్దె, ఆ తర్వాతే స్థలం

మొదటి ఏడాది ఏమీ కొనకండి. పదకొండు నెలల అగ్రిమెంట్ రాసుకోండి, గోడకు మేకులు కొట్టడం, పొద్దున్నే సాధన చేయడం, శిష్యులు రావడం ఇవన్నీ ముందే చెప్పి ఒప్పించుకోండి.

కొనే రోజు వస్తే రెండు విషయాలు. తీర నియంత్రణ నిబంధనలు పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా వర్తిస్తాయి. 2019 నోటిఫికేషన్ ప్రకారం పల్లె ప్రాంతాల్లో జనసాంద్రత తక్కువ ఉన్నచోట 200 మీటర్ల లోపు, ఎక్కువ ఉన్నచోట 50 మీటర్ల లోపు కొత్త కట్టడాలు కూడవు. పట్టణ పరిధిలో నిబంధన వేరు. చవగ్గా వస్తోందని ఎవరైనా ఒడ్డున స్థలం చూపిస్తే ముందు ఈ కొలత అడగండి. రెండోది, ఒడిశా భూమి రికార్డులో కిసం, అంటే భూమి రకం, అని ఒక గడి ఉంటుంది. ఇల్లు కట్టుకునే భూమికి ఘరబారి అని ఉండాలి. సాగుభూమి అని ఉంటే తహసీల్దార్ దగ్గర మార్పు చేయించుకోకుండా కట్టకూడదు. రికార్డులు భూలేఖ్ వెబ్‌సైట్‌లో ఒడియాలో చూడొచ్చు. ఒడియా బాగా చదవగలిగిన, ఆ అమ్మకంతో సంబంధం లేని మనిషి చేత చదివించండి.

కిటికీలకు ఇనుప ఫ్రేములు పెట్టించకండి. కర్ర గానీ యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) గానీ మంచిది. మడత బందులు, స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీల్ కావాలంటే 316 రకం అని చెప్పి అడగండి. మామూలుగా అమ్మే 304 ఈ గాలికి మచ్చలు పడుతుంది.

9. మారే రోజు

నవంబరు దాటాక, డిసెంబరు రద్దీ తగ్గాక, జనవరి రెండో వారం నుంచి ఫిబ్రవరి ఆఖరు లోపు మారండి. గాలి పొడిగా ఉంటుంది, కాగితాలు, బట్టలు, చెక్క సామాను ఆ వాతావరణంలో సర్దుకుంటాయి. ఏప్రిల్ బడికి ముందు పిల్లలకు ఊరు అలవాటవుతుంది. పుస్తకాల పెట్టెల్లో సిలికా జెల్ పొట్లాలు వేయండి, రంగు మారినప్పుడల్లా మూకుడులో సన్న సెగ మీద వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. కుట్టుమిషను లోపలి భాగాలకు నూనె రాసి, గుడ్డ చుట్టి ఎక్కించండి.

మంచాలు, బీరువాలు లారీలో రావచ్చు. వీణను మాత్రం లారీలో వేయకండి. రైల్లో మీతోపాటే తీసుకురండి.